క్యాంపు కష్టాలు

నందిగామలో పరిమళ గారి మెస్సు. విత్తనాల కంపెనీలో పనిచేసే దిలీప్‌కి ఇదే ఆఖరి క్యాంపు, రేపట్నుంచి జగ్గయ్యపేట ఆఫీసులో కుర్చీ వేశారు. ఇన్నేళ్ళూ మీరు పడిన అవస్థ ఒక్కసారైనా చూస్తానని భార్య సింధూర వెంట వచ్చింది. వద్దనడానికి పాపం అతనికి కారణం దొరకలేదు.

"కారం ఎక్కువైందేంటి అమ్మాయ్? మీ ఆయనైతే ఇంకా వెయ్యమంటాడు."

"ఈయనా! బయట తిండి పడదని, క్యాంపు నుంచి రాగానే చారన్నమే తింటారండీ."

"పడదా? గోంగూర చేసిన రోజు మారు మీద మారు వడ్డించుకుంటాడు!"

"పిన్నిగారూ, మజ్జిగ తెస్తారా కాస్త?"

"ఇప్పుడే కూర్చుని అప్పుడే మజ్జిగేంటి బాబూ?"

"మొహమాటానికి తినుంటారు లెండి. ఈ ఎండల్లో కీసరనీ జి.కొండూరనీ తిరిగి తిరిగి, రాత్రయితే ఆ లాడ్జిలో దోమలు. కన్ను మూతపడదట, పాపం."

"లాడ్జేంటమ్మా? మా మేడ మీద గదేగా! కిటికీ తీస్తే పొలాల గాలి. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాడంటే టీకి మేం లేపాల్సిందే."

"మధ్యాహ్నమా?"

"ఎప్పుడో... ఎండ మరీ ఎక్కువున్నప్పుడు, సింధూరా."

"ఎప్పుడో ఏంటి బాబూ, వచ్చినప్పుడల్లానూ! సాయంత్రం మా ఆయనతో క్యారమ్స్. ఓడినోళ్ళు పాట పాడాలి. గెలిచినా ఈయనే పాడతాడనుకో. ఆ గొంతేంటమ్మా! పక్కింటోళ్ళు మేడెక్కి మరీ వింటారు."

"పాటా? ఈయన పాడతారా?"

"అయ్యో, నీకు తెలీదా?"

"తెలీదండి."

"పిన్నిగారూ, పప్పు. పప్పు వెయ్యండి."

"వేస్తా, ఉండు. జగ్గయ్యపేట దగ్గరేగా, రాత్రికి ఇంటికి పోవచ్చుగా అంటే, పొద్దున్నే కంచికచర్ల విత్తనాల కొట్ల దగ్గరికి రైతులొస్తారు, ఉండాలంటాడు. కొట్లు తీసే వేళకి ఇక్కడ పళ్ళు తోముకుంటుంటాడు! అమ్మో, పాలు పొంగుతున్నట్టున్నాయ్. ఇప్పుడే వస్తా."

పరిమళ లోపలికి వెళ్ళింది. దిలీప్ తలెత్తలేదు. ఆ పాలేవో కాస్త ముందే పొంగితే ఏం పోయిందనుకున్నాడు.

"అన్నం కెలక్కండి. తినండి."

"సింధూరా..."

"తినండి ముందు."

"మొదట్లో కష్టంగానే ఉండేది. ఒట్టు. నిజంగా."

"తర్వాత?"

"తర్వాత... బాగుండేది. బస్సు చిల్లకల్లు దాటిందంటే చాలు, ఒళ్ళు తేలికైపోయేది. ఎందుకో నాకే తెలీదు."

"మరి ఇంటికొచ్చి ఆ మూలుగుడేంటి? నడుం పట్టేసిందంటే కాపడం పెట్టా. వేన్నీళ్ళు కాచా. కాళ్ళు కూడా పట్టా కదండీ!"

"సిగ్గేసేది. నువ్వేమో పిల్లల్తోటీ మా అమ్మతోటీ పొద్దస్తమానం చస్తుంటావ్. అక్కడ హాయిగా ఉందని ఏ మొహంతో చెప్పను? నాకూ కష్టమే అంటే ఇద్దరం సమానం అనిపించేది."

"ఇంట్లో ఒక్క పాటైనా పాడలేదే."

"నువ్వడగలా."

"వస్తుందని తెలిస్తేగా అడగడానికి!"

"పోనీలే, ఇయ్యాల్టితో అయిపోయింది. నేనడక్కుండానే ఆఫీసులో కూలేశారు. ఏ గిట్టనోడు పెట్టాడో ఈ చిచ్చు! వాడి నోట్లో మన్ను పడ."

సింధూర తినడం ఆపి అతని వంకే చూసింది.

"ఏంటట్టా చూస్తావ్? కావాలనే ఎవడో చేశాడు."

"మా అన్నయ్య చేశాడు."

"మీ అన్నయ్యా? ఆయనతో నీకు మాటల్లేవుగా! చచ్చినా ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నావుగా!"

"తొక్కా. మొన్న మీరు నడుం నొప్పని మంచం దిగలేదే, ఆ రోజే. వదిన గుమ్మంలోనే నిలబెట్టింది. పనిబడితేగానీ గుర్తు రాలేదా అంది. పడ్డా. మీ మేనేజరు అన్నయ్య స్నేహితుడేగా. మా ఆయన ఒళ్ళు హూనమైపోతోంది, ఆ తిరుగుళ్ళు తప్పించరా అని బతిమాలా."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే వెళ్ళనిస్తారా? నాకోసం నువ్వు తల దించుకోవడమేంటంటారు. మీ సంగతి నాకు తెలీదూ? తెలుసనే అనుకున్నా లెండి."

"చంపేశావ్. నా మొహం నాకే చూసుకోబుద్ధి కావట్లా. పద, పోదాం."

"ఇదిగో పెరుగు! అదేంటి బాబూ, చెయ్యి కడిగేసుకుంటున్నావ్?"

"వెళ్ళాలి పిన్నిగారూ. బస్సుకి టైమైంది."

"ఏ బస్సూ లేదండీ, ఈయనెక్కడికీ వెళ్ళరు. బాబాయిగారిని పిలవండి. ఆ క్యారమ్స్ బోర్డు దింపించండి."

"ఇప్పుడా? ఆడతావా అమ్మాయ్?"

"సింధూరా, వద్దు. ఇయ్యాల నాకు గొంతు రాదు."

"వచ్చినంతే పాడండి. మా వదిన గుమ్మంలో నిలబడి నేను ఆపించింది ఏ పాటో, ఒక్కసారి విని వెళ్తా."