మంచు ఎక్కడిదాకా ఉండేది

కొండ కింద, బస్సు ఆగేచోట ఒక చెక్క గది. మధ్యాహ్నం వేళ. బయట సన్నటి వాన. తోటి ప్రయాణికులంతా హిమానీనదం చూడడానికి పైకి వెళ్ళారు. ఇరవై ఆరేళ్ళుగా సోషల్ పాఠాలు చెబుతున్న టీచరూ, అదే స్కూలు ఆఫీసులో క్లర్కుగా చేసి ఈ ఏడే రిటైరైన ఆమె స్నేహితురాలూ మాత్రం లోపల హీటరు పక్కన కూలబడ్డారు.

“...కాదక్కా, బూట్లు విప్పితే మళ్ళీ తొడుక్కోలేవు. విప్పకు.”

“విప్పేశాగా.”

“మేజోళ్ళు కూడానా!”

“తడిసి ముద్దయ్యాయి. హీటరు మీద ఆరేశా. ఎవరైనా ఏమైనా అంటారంటావా?”

“అన్నా మనకర్థం కాదుగా.”

“అదీ నిజమే. నువ్వెళ్ళు టీచరూ. గైడు చెప్పింది కదా, గంట నడకేనని. నేనిక్కడే కూర్చుంటా.”

“ఆ పిల్ల గంట మనకి రెండు గంటలు.”

“అయినా వెళ్ళు. ఏటా బోర్డు మీద ‘హిమానీనదం’ అని రాసి పిల్లల్ని చంపుకు తిన్నావు. తీరా ఇంత దూరం వచ్చి...”

“ఒక్క వెధవా సరిగ్గా రాసి చావలేదు. హిమానీనాదం అని ఒకడు, హిమానినందం అని ఒకడు. ఇంకొకడు ఏకంగా ‘మంచు కాలవ’ అని రాశాడు.”

“వాడికి మార్కులేశావు నువ్వు.”

“వెయ్యనా మరి? వాడొక్కడికే అర్థమైంది.”

“ఆ పేపరు తెచ్చి నాకు చూపించావు. అన్నం గిన్నెలు ముందు పెట్టుకుని ఎంత నవ్వామో.”

“మధ్యాహ్నం బెల్లు కొడితే అట్లాసు పట్టుకుని నీ గదికే వచ్చేదాన్ని. స్టాఫ్ రూములో అట్లాసు ఎవరిక్కావాలి? వాళ్ళకి ట్రాన్స్‌ఫర్లు, కోడళ్ళు.”

“ఊ.”

“ఇక్కడికి మొదటిసారి బయల్దేరదామనుకుంటే మా అత్తగారు మంచాన పడ్డారు. రెండోసారి బావగారి ఆపరేషను. తర్వాత మా చిన్నదాని పరీక్షలు. ఆ తర్వాతేంటక్కా?”

“గుర్తులేదు.”

“ఏదో ఒకటి. ఇన్నాళ్ళకి వచ్చాం, మోకాళ్ళు లేకుండా.”

“ఉన్నాయిలే. చెప్పిన మాట వినట్లేదంతే.”

“నవ్వించకు, నడుం పట్టేస్తుంది. అక్కా, ఆ గుంజ దగ్గర ఎందుకాగిపోయావు?”

“ఏ గుంజ?”

“ఈ గుమ్మం ఎదురుగా ఉందే, ఎర్రది. దారి పొడుగునా పాతారుగా, ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో అంకెలు వేసి. బస్సు దిగి చకచకా వచ్చినదానివి, దాని దగ్గర కొయ్యబారిపోయావు.”

“కాళ్ళు లాగాయి, ఆగా.”

“కాళ్ళు లాగితే కూర్చుంటారు. నువ్వు అంకె చదివావు.”

“చదివితే?”

“పదకొండేళ్ళ కిందటిది.”

“అయితే?”

“అప్పుడు వచ్చి ఉంటే ఈ గుమ్మంలోంచే కనిపించేది. బస్సు దిగి తలెత్తితే చాలు.”

“అలా అనకు.”

“ఇప్పుడేమన్నాను?”

“అనకు, అంతే. కాఫీ తాగుదామా?”

“ఆ మెషీనుతో ఇందాకే కొట్లాడి వచ్చా. వేణ్ణీళ్ళిచ్చింది. ఏంటక్కా సంగతి? ఇంటి దగ్గర్నుంచి ఫోనేమైనా... బావగారు...”

“ఆయనకేం, దుక్కలా ఉన్నాడు. టీచరూ, ఆ గుంజ మీదున్న ఏడే ఒక సర్క్యులర్ వచ్చింది. సోషల్ టీచర్లని శిక్షణకి పంపుతామని. నాలుగు వారాలు, విదేశం.”

“నువ్వే కదా నా ఫారం నింపావు.”

“జవాబు రాలేదన్నా నీతో. కావలసినవాళ్ళకి ఇచ్చుకుని ఉంటారన్నా.”

“అన్నావు.”

“వచ్చింది.”

“జవాబా?”

“నీ పేరుంది. ఈ చోటు కూడా ఉంది, మూడో వారంలో. హెడ్‌మాస్టరు సెలవు. టపా నేనే విప్పా. రెండుసార్లు చదివా. బీరువాలో పెట్టా. రేపిద్దాంలే అనుకున్నా. మర్నాడూ అదే అనుకున్నా. గడువు దాటిపోయింది.”

“ఎందుకక్కా?”

“ఎందుకంటే ఏం చెప్పను? ఏళ్ళ తరబడి ఇద్దరం కలిసి వేలు పెట్టి చూసిన దేశం. నువ్వొక్కదానివే వెళ్ళొస్తావు. వచ్చి నాకు ఫొటోలు చూపిస్తావు. నేను బావుందంటాను. అది తల్చుకుంటే ఓర్చుకోలేకపోయా. క్లర్కుని, నన్నెవడు పంపుతాడు?”

“అక్కా, నేను...”

“ఆగు, చెప్పనీ. రిటైరైన రోజు చెబుదామనుకున్నా, మెళ్ళో దండ పడేసరికి నోరు రాలేదు. విమానంలో చెబుదామనుకున్నా, నువ్వు నా భుజం మీద నిద్రపోయావు. ఆ అంకె చూశాక ఇంక దాచడం నావల్ల కాలేదు. నీ కళ్ళబడాల్సిన మంచు ఈ గుమ్మం ముందే ఉండేదట. తిట్టు టీచరూ. కొట్టినా పడతా.”

“ఇంకో కాపీ మా ఇంటికి పంపారక్కా.”

“ఏంటీ?”

“నీకంటే రెండ్రోజులు ముందే అందింది. నాలుగు వారాలు, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య, ఒక్కదాన్ని. భయపడిపోయా. ఆఫీసు నుంచి పిలుపొస్తే చూద్దాంలే అనుకుని చింపేశా. పిలుపు రాలేదు.”

“అంటే నేను దాచానని...”

“మూడో రోజే తెలిసింది. నీ బీరువా తలుపు సరిగ్గా పడదుగా. సెలవు చీటీల కింద కవరు అంచు కనిపిస్తూనే ఉండేది.”

“మరి అడగలేదేం? పదకొండేళ్ళు టీచరూ! పదకొండేళ్ళూ నన్నిలా...”

“అడిగితే నా పిరికితనం బయటపడదూ? ఆ తప్పు నీ బీరువాలో ఉన్నన్నాళ్ళూ నేను హాయిగా నిద్రపోయానక్కా.”