నిచ్చెన ఎక్కని రోజు

మొయినాబాద్ గోడౌన్‌లో నెలాఖరు సరుకు లెక్క ముగించుకుని భర్త ఇంటికొచ్చాడు. భార్య వాకిట్లోనే ఎదురొచ్చింది.

“ఇయ్యాల గూడ నిచ్చెన ఎక్కినవా?”

“లేదు. కొత్త రోబో వచ్చింది. దానంతటదే ర్యాకుల నడుమ తిరిగి, పై అర దాకా డబ్బాలన్నీ స్కాన్ చేసింది.”

“రెండేండ్ల సంది పైకెక్కితే కండ్లు తిరుగుతున్నయని సార్‌కు చెప్పినవా?”

“చెప్తే పనిల ఉంచుతడా? ఇగ చెప్పే పనే లేదు.”

“రోబో ఉన్నదని నిన్ను తీసెయ్యరు గద?”

“లారీల సామాను ఎవలు దించుతరు? దానికి చేతులే లేవు.”

“ప్రభువా, స్తోత్రం! కూసో. నాగ్గూడ పళ్ళెం తెస్త.”

“నువ్వింక తినలేదా? పొద్దుగూకింది.”

“నువ్వు నిచ్చెనెక్కే రోజు నేనెప్పుడు తిన్న? ఉపవాస ప్రార్థనలనే ఉంట.”

“రెండేండ్ల సంది నాకొక్క మాట చెప్పలే?”

“నువ్వు సార్‌కు చెప్పినవా? జర జరుగు, ఆకలైతున్నది.”