జుట్టుతో కలిపి ఎత్తు

కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఉంగరాల జుట్టులో ఒక పాయను సెలూనావిడ ముక్కుదాకా లాగి వదిలింది. అది స్ప్రింగులా మళ్ళీ నెత్తికెక్కి కూర్చుంది.

"బాబోయ్! దువ్వెన పెడితే దాని పళ్ళు రాలేలా ఉన్నాయి, బాబాయ్."

"కబుర్లాపి నీళ్ళు కొట్టు."

"తడిపితే ఈ జుట్టు సాగుతుంది. అప్పుడు అంగుళం కత్తిరిస్తే, ఆరాక మూడంగుళాలు పోయినట్టుంటుంది. పొడిగా ఉండగానే కత్తిరిస్తాను."

"అయితే నీళ్ళొద్దు! పక్కలు తగ్గించు. పైన మాత్రం ముట్టుకోకు."

"గుబురంతా పైనే కదా?"

"సాయంత్రం పార్కులో ఒకావిడ నన్ను చూడటానికి వస్తోంది. కుదిరితే పెళ్ళి. ఫోన్లో నా ఎత్తు ఐదున్నర అడుగులని చెప్పాను."

"అంత లేరా?"

"ఎందుకు లేను? జుట్టుతో కలిపి ఉన్నాను."

"ఫౌంటెన్ పక్క బెంచీ దగ్గరేనా?"

"నీకెవరు చెప్పారు?"

"ఆవిడే. పొద్దున వచ్చి నడినెత్తిన ముడి వేయించుకుంది. 'ఐదున్నర అని చెప్పేశానమ్మా, ఇంకాస్త లేపు' అని నా ప్రాణం తీసింది."

"ఎంత మోసం! పెళ్ళికి ముందే ఇన్ని అబద్ధాలా?"

"అయితే వెళ్ళరా?"

"వెళ్ళక చస్తానా? ఆ కత్తెర పక్కన పడేసి, ఉన్నదంతా పైకి లేపు."