చలి డాక్టరు పొయ్యి

ఏమన్నావ్, పొయ్యి వెలగట్లేదా? ఆ డాక్టరు క్వార్టర్స్‌లో పొయ్యా? నవ్వుతున్నానని ఏమనుకోకు డాక్టరమ్మా, నీ మీద కాదు. రా, ఇలా దగ్గరికి జరుగు, చేతులు కాచుకో. ఏమేవ్, డాక్టరమ్మ వచ్చింది, టీ పెట్టు! అదుగో, గిన్నెల చప్పుడు వినిపించిందంటే మా ఆవిడ విన్నట్టే. ఆ పొయ్యి కట్టింది నేనే తల్లీ, ఇటుక ఇటుకా ఈ చేతులతోనే పేర్చా. ఈ ఊళ్ళో గదులు వెచ్చబెట్టే పొయ్యిలన్నీ నేను కట్టినవో, నేను బాగుచేసినవో. వాటిలో వెలగనని మొండికేసింది అదొక్కటే, అదీ ఒక్క చలికాలమే. దాని సంగతి చెప్తా విను, ఎలాగూ టీ వచ్చేదాకా నువ్వు కదలవుగా.

ఆసుపత్రిలో ఇప్పుడు నువ్వు కూర్చునే కుర్చీలో చాన్నాళ్ళ కిందట ఒకాయన ఉండేవాడు. చలి డాక్టరు అనేవాళ్ళం. అసలు పేరు ఆసుపత్రి బోర్డు మీదే తప్ప ఎవరి నోటా రాలేదనుకో. దక్షిణాన ఎక్కడో ఎండల ఊరివాడు. బస్సు దిగేటప్పటికి మూతికో మఫ్లరు, చెవులకో మఫ్లరు, మధ్యలో కళ్ళజోడు. మా మంగలి చూసి, "ఇదేంట్రా, బట్టల మూట దానంతటదే నడిచొస్తోంది" అన్నాడు. వాడి నోరు అలాంటిది, వాడి సంగతి చెప్పాలంటే ఈ పూట చాలదు. ఆ, ఏం చెప్తున్నా? అప్పట్లో మా ఊరికో అలవాటుండేది. ఉత్తరాన చిట్టచివరి ఊరు కదా, ఏ డాక్టరొచ్చినా మొదటి మంచు పడగానే మూటాముల్లె సర్దేసేవాడు. మా అమ్మ కాలికి కట్టు కట్టి, సోమవారం విప్పుతానన్నవాడు ఆదివారం బస్సెక్కేశాడు. అందుకని జనం కొత్త డాక్టరుకి జలుబు, దగ్గు, వేలికి గుచ్చుకున్న ముల్లు, ఇవే చూపించేవాళ్ళు. అసలు జబ్బు దాచుకునేవాళ్ళు. "ముందు ఈ చలికాలం ఉండనీ, అప్పుడు చెబుదాం" అని. నవ్వకు. ఉండే మనిషో కాదో తెలీకుండా ఒంట్లో గుట్టంతా విప్పుతామా ఏం? పాపం ఆయన కొన్నాళ్ళు చూసి, "ఇంత ఊళ్ళో ఒక్కళ్ళకీ జలుబు తప్ప ఇంకేం రాదా?" అని నర్సమ్మనడిగాడట. ఆవిడ "మంచి గాలండీ" అందట.

అంతే, మర్నాటి నుంచి ఆయన పొయ్యి చెడిపోయింది. పొద్దున్నే ఎవరో ఒకరి తలుపు తట్టడం, "అమ్మా, నా పొయ్యి వెలగట్లేదమ్మా, కాస్త మీ పొయ్యి పక్కన కూర్చోనా?" అనడం. ఈ చలిలో పొమ్మంటారా ఎవరైనా? కూర్చునేవాడు, టీ తాగేవాడు, పిల్లల్ని ఒళ్ళో వేసుకునేవాడు. మంగలి చెయ్యి వణుకుతోందని అలా టీ తాగుతూనే పట్టేశాడు. చివర్లో మాత్రం ఓ నిట్టూర్పు. "మేస్త్రి మంచివాడే పాపం, పొయ్యే..." అని. మేస్త్రి అంటే ఎవరు? నేను! ఇంటింటా నా పరువు తీస్తున్నాడమ్మా. మంగలి, "ముందా డాక్టరుగారి పొయ్యి వెలిగించు, తర్వాత నీ గడ్డం చూద్దాం" అన్నాడు. చేతికొచ్చిన పని వేరేవాడికి పోయింది. బాగుచేస్తానని వెళ్తే ఈయన గుమ్మానికి అడ్డం నిలబడి, "ఇవాళ కాదు మేస్త్రీ, తర్వాత చూద్దాం" అంటాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఓ పొద్దున మా ఇంటికే వచ్చాడు. మా ఆవిడ అప్పుడు కడుపుతో ఉంది. ఆయన కూర్చున్నాడు, ఈవిడ టీ ఇచ్చింది, ఇక కబుర్లు. ఇదే సమయమనుకుని నేను వెనక గుమ్మంలోంచి జారుకున్నా. ఆయన ఇంటికి తాళమెక్కడిది, తోసుకుని వెళ్ళా. తల్లీ, బయటికన్నా లోపలే చలి. బకెట్లో నీళ్ళు గడ్డకట్టుకుపోయాయి. మంచం మీద ఉన్న దుప్పట్లన్నీ, వాటి మీద కోట్లు, తలగడ మీద టోపీ. పొయ్యిలో చిటికెడు బూడిద లేదు. నాలుగు పుల్లలు పెట్టి అగ్గిపుల్ల గీశా. భగ్గుమంది! నా పొయ్యి, ఎందుకు వెలగదు? పొగ తిన్నగా పైకి లేస్తుంటే ఏడుపొచ్చింది నాకు, అంత కోపం. ఇవాళ ఈయన సంగతి తేల్చేస్తానని పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చా.

వచ్చి చూద్దును కదా, మా ఆవిడ బల్ల మీద కూర్చునుంది, ఆయన నేల మీద. దీని పాదం ఆయన చేతిలో ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "మీ ఆయన బూట్లు నువ్వెందుకమ్మా తొడుక్కుంటున్నావు? నీవి పట్టకే కదూ? తలనొప్పి ఎప్పట్నుంచి?" అంటున్నాడు. ఇది తలొంచుకుని, "చలికాలం గడిచాక చెబుదామనుకున్నానండీ" అంది. బీపీ బాగా పెరిగిపోయిందట. ఇంకొన్నాళ్ళు వదిలేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదట. అప్పటికప్పుడు ఆసుపత్రిలో పడుకోబెట్టాలన్నాడు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. "మీ పొయ్యి... వెలిగిందండీ" అన్నా. ఆయన కిటికీలోంచి చూశాడు. "ఆర్పెయ్ మేస్త్రీ, పొగ కనబడుతోంది. నాకింకా రెండు వీధులు మిగిలాయి" అన్నాడు.

మా ఆవిడని ఆసుపత్రికి చేర్చి, వెళ్ళి ఆర్పేశా. నా చేత్తో నా పొయ్యిలో మంచు పోశా. చలికాలమంతా "నావల్ల కాలేదర్రా" అని చెప్పుకు తిరిగా. పెద్దమ్మాయి పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం, ఇక ఎవడేమంటే నాకేం? మంచు కరిగాక, "ఇప్పుడు బాగుచెయ్ మేస్త్రీ" అన్నాడు. వెళ్ళి తలుపేసుకుని, ఊరికే సుత్తితో టకటకలాడించి, మొహానికి మసి పూసుకుని బయటికొచ్చా. పొగ లేచేసరికి వీధి వీధంతా చప్పట్లు! ఆయన మూతికి మఫ్లరు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. మళ్ళీ ఏ బస్సూ ఎక్కలేదు. జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే పోయాడు. ఆయన్ని తీసుకెళ్ళేముందు నేనే ఆ పొయ్యి వెలిగించా, గది వెచ్చగా ఉండాలని. అలాంటి మనిషిని మళ్ళీ చూళ్ళేదమ్మా.

సర్లే. టీ ఏదే? ఇంతసేపా? నువ్వేంటి డాక్టరమ్మా, ఇందాకట్నుంచీ కిందకే చూస్తున్నావు? ఏంటి, నా చెప్పులా? అవి మా అల్లుడివి. నావి ఎక్కడ పెట్టానో... అయినా కాస్త వదులుగా ఉంటేనే కాలికి హాయి కదా... ఉండు. ఉండుండు. నీ పొయ్యి నిజంగానే వెలగట్లేదా? ... ష్, మెల్లగా మాట్లాడు. లోపల మా ఆవిడ వింటుంది.