తులసికి టీ పడదు

చిలకలూరిపేట హైవే పక్కన మిర్చి కోల్డ్‌స్టోరేజీ ఆఫీసు గది, మధ్యాహ్నం టీ వేళ. ఓనరు సురేంద్ర పరమ నెమ్మదస్తుడు. గుమస్తా శిల్పకి రోజూ తన చేత్తోనే టీ తెచ్చిస్తాడు, ఆ సంగతి తల్చుకుని లోలోపల కాస్త మురిసిపోతుంటాడు కూడా. ఇవాళ గ్లాసులు బల్ల మీద పెట్టీ పెట్టకముందే, ఆమె ఫోన్లో రాస్తున్న నవల మీద తగువు మొదలైంది.

“అన్యాయం శిల్పగారూ! ముప్పై భాగాలు చదివించి, ఆఖర్న తులసి చేత ఉద్యోగం మాన్పిస్తారా?”

“నేను మాన్పించలేదు సార్. తనే మానేసింది.”

“అదే, ఎందుకు మానేసిందంటున్నా. అభిరామ్ లాంటి ఓనరు ఏ జిన్నింగు మిల్లులో దొరుకుతాడు చెప్పండి. ఒక్కనాడైనా గొంతు పెంచాడా?”

“లేదు.”

“చెయ్యి పట్టుకు లాగాడా?”

“లాగలేదనేగా యాప్‌లో నన్ను తిట్టిపోస్తున్నారు! ‘మీ హీరో మరీ చప్పగా ఉన్నాడు మేడం, ఒక్కసారన్నా పిల్లని గోడకి ఆనించి కళ్ళెర్రజేయించండి’ అని ఒకావిడ రోజూ కామెంటు పెడుతోంది.”

“పెట్టనివ్వండి. నాకైతే అతనే నచ్చాడు. అలాంటి మంచివాడు ఇవాళో రేపో పెళ్ళిమాట ఎత్తబోతుంటే, ఈ పిల్ల సంచి సర్దుకుని పోవడమేంటి?”

“మంచివాడు కాబట్టే సార్.”

“అర్థం కాలేదు.”

“చెడ్డవాడైతే తులసికి ఏ బాధా లేదు. మొహం మీదే ఛీ కొట్టి వెళ్ళిపోవచ్చు. చూసినవాళ్ళంతా ఆమెనే మెచ్చుకుంటారు. మంచివాడికి వద్దని ఎలా చెబుతుంది? అందులోనూ, జీతమిచ్చే మంచివాడికి?”

“అతనేం బలవంతం చెయ్యడం లేదుగా. అడుగుతాడు. వద్దంటే ఊరుకుంటాడు.”

“ఊరుకుంటాడని అతనికి తెలుసు. ఆమెకెలా తెలుస్తుంది?”

“ముప్పై భాగాల్లో తెలియలేదా?”

“ఒక్కసారన్నా వద్దని చూస్తేగా తెలిసేది! పదో భాగం గుర్తుందా? రోజూ సాయంత్రం కార్లో బస్టాండు దాకా దింపుతాడు చూడండి…”

“గుర్తులేకపోవడమేంటి! ఆ భాగం రెండుసార్లు చదివాను. ఎంత ముచ్చటగా…”

“తులసికి నడిచి వెళ్ళడం ఇష్టం.”

“ఆఁ?”

“రోజంతా కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తుంది పాపం. నడుస్తూ చెల్లెలికి ఫోన్ చేసి ఇంటి కబుర్లన్నీ చెప్పుకుంటుంది. ఓనరు పక్కన కూర్చుని ఏం చెప్పుకుంటుంది? సంచి ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చోవడం తప్ప.”

“అలా అని మీరు రాయలేదుగా?”

“పదో భాగం అభిరామ్ వైపు నుంచి రాశాను సార్. అతనికి కనిపించలేదు.”

“సరే. కారు సంగతి సరే. ఇంకేంటి?”

“తులసికి టీ పడదు.”

“టీనా?”

“రోజూ తెస్తాడు కదా, తన చేత్తో. తాగితే ఆమెకి సాయంత్రం దాకా కడుపులో మంట. మొదటిరోజు మొహమాటానికి తాగింది. మర్నాడు, నిన్న తాగి ఇవాళ వద్దంటే ఏమనుకుంటాడోనని తాగింది. ఇంకంతే, అలవాటైపోయింది.”

“అలవాటయ్యాక ఇంకేం బాధ…”

“టీ కాదు సార్. వద్దనకుండా ఉండటం అలవాటైపోయింది.”

“శిల్పగారూ.”

“సార్.”

“మీకు టీ… మీకు ఇష్టమేనా?”

“చల్లారిపోతోంది సార్, తాగండి.”

“నేనడిగింది అది కాదు…”

“శిల్పమ్మా! నేనే, సైదాబీని. మిర్చిలో తాలుకాయలు ఏరడం అయిపోవచ్చింది, ఆడోళ్ళంతా కథ కోసం చూస్తన్నారు. ఆఖరి భాగం చదివి వినిపిస్తానన్నావుగా?”

“వస్తున్నా సైదాబక్కా, ఒక్క నిమిషం.”

“ఆ అబ్బాయి చెయ్యి పట్టుకోవాలని సగం మంది, నోరు తెరిచి అడగాలని సగం మంది. నేనేమో అడగాలంటన్నా. పట్టుకోవడానికేముంది, ఎవడైనా పట్టుకుంటాడు! తొందరగా రా తల్లీ. సోమారం నించి నువ్వు రావు, ఇంక మాకెవరు చదివిపెడతారు?”

“ఏంటి? ఎవరు రారు?”

“సారుకి ఇంకా చెప్పలా? నా నోరు పడిపోను! నేనేం అన్లేదు సార్, పోతన్నా.”

“శిల్పగారూ, ఏమంటోంది సైదాబీ?”

“సాయంత్రం నేనే చెబుదామనుకున్నాను సార్. అద్దంకి దగ్గర స్పిన్నింగు మిల్లులో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. ఇవాళ్టితో ఇక్కడ మానేస్తున్నాను.”

“ఆ మిల్లువాళ్ళు మా బాబాయికి బాగా కావలసినవాళ్ళే! ఒక్క ఫోన్ కొడితే మీకు ఉండటానికి క్వార్టరు, రాకపోకలకి…”

“సార్!”

“ఏం?”

“చూశారా? మళ్ళీ కారు తెచ్చి నా ముందు ఆపారు.”

“అవును కదూ. ఆపాను. ఇదిగో, ఫోన్ జేబులో పెట్టేశాను. నామీద కోపమా?”

“కోపమే అయితే ఎప్పుడో పోయేదాన్ని. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, అడక్కుండానే సెలవిచ్చి పంపారు. ఒక్క రూపాయి జీతం కొయ్యలేదు. అది మర్చిపోలేను సార్, అదే నా చిక్కు. రేపు మీరేదైనా అడిగి, నేను సరే అన్నాననుకోండి. ఆ సరే నాదా, ఆ సెలవుదా?”

“నేనేం అడగబోతున్నానో మీకు…”

“ముప్పై భాగాలు రాసినదాన్ని, ఆ మాత్రం తెలీదా?”

“అయితే అభిరామ్…”

“అతనికి జిన్నింగు మిల్లు పెట్టాను. కోల్డ్‌స్టోరేజీ అంటే గుర్తుపట్టేస్తారని.”

“ఒట్టు, గుర్తుపట్టలేదండీ! ఎవరో గానీ ఎంత మంచివాడో అనుకుంటూ చదివాను.”

“తెలుసు. మీరు పొగుడుతున్నప్పుడల్లా నవ్వాపుకోలేక చచ్చాను.”

“పోనీలెండి. మరి ఇప్పుడు మీరు ఇక్కడ పని చేస్తున్నట్టా, మానేసినట్టా?”

“తూకం బిల్లులన్నీ అయిపోయాయి. బీరువా తాళాలు మీకిచ్చేస్తే మానేసినట్టే. చెయ్యి చాపండి.”

“ఇదిగో, చాపాను.”

“తీసుకోండి. మానేశాను.”

“అయితే ఒకటి అడగొచ్చా?”

“అడగండి.”

“టీ తాగుతారా?”

“వద్దు.”

“వద్దా?”

“వద్దంటే వద్దు! మీరు తెచ్చిన టీలు ఈ జన్మకి చాలు.”

“అబ్బ! మీ నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారండీ. ఎంత హాయిగా ఉందో! హాయిగానే ఉంది గానీ…”

“గానీ?”

“ఇంకొకటి అడగాలి. దానికీ ఇంత తేలిగ్గా వద్దనేస్తారేమోనని భయంగా ఉంది.”

“ఉండనివ్వండి. ఇన్నాళ్ళూ ఆ భయం నా ఒక్కదానికే ఉండేది. ఇప్పుడు అడుగు, సురేంద్రా.”