డబులు అద్దం పరీక్ష

మదనపల్లెలో పాత టేకు కిటికీల ఇల్లు. ప్రభావతమ్మ, ఆమె కూతురు హెలెన్, పుంగనూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే ఉంటున్న, కిటికీలకు అద్దాలు బిగించే సాల్మన్ రాజు.

“కిటికీకి సింగిలు అద్దమా, డబులా? యాదో ఒకటి తేల్చు సాల్మన్. ఆదివారం కుప్పం వాళ్ళు హెలెన్‌ను సూసేదానికి వస్తాండారు.”

“తేల్చేదానికే కదమ్మా ఈ రూములో డబులు బిగించినాను. హాల్లో సింగిలు సూసినారు కదా.”

“సూసినాం. టమోటా లారీ హారన్ కొడితే, లారీనే వచ్చి సోఫాలో కూసున్నట్టుండాది. పెండ్లిమాటలు యాడ వినబడతాయి?”

“వినబడకపోతే నాకు మంచిదే. అయినా డబులు బరువమ్మా. పాత చెక్క తట్టుకోదు.”

“నీకేం తెలుసే హెలెన్? సాల్మన్, తట్టుకుంటాదా లేదా?”

“టేకు కదమ్మా, తట్టుకుంటాది... హెలెన్ ఒద్దంటే ఒద్దులే.”

“అది యాల ఒద్దంటాది? పరీక్ష చెయ్యప్పా!”

“సరే, నేను బయట నిలబడి అరుస్తా. హెలెన్, వినబడితే తల ఊపు, లేకుంటే చెయ్యి తిప్పు. పైన వెంటిలేటర్ మూసినారా?”

“మూసినాంలే. పో, పో.”

“...హలో! టమోటా! టమోటా! చెయ్యి తిప్పుతాండాది... నిజంగానే వినబడలేదా? అబ్బ, బలే అద్దం! హెలెన్, కుప్పం వాళ్ళు ఒద్దు! ...మళ్ళీ తిప్పుతాండాది. చర్చి క్వాయర్లో నీ వెనకాల నిలబడి నేను పాడనే పాడను. నోరు మాత్రం ఆడిస్తా, నీ గొంతు వినాలని! ...ఇదీ వినబడలేదా? ఇంగా గట్టిగానా? నన్ను చేసుకుంటావా? హెలెన్! నన్ను చేసుకుంటావా అంటాండా!”

“కొంచెం మెల్లగా అడుగప్పా. పెరట్లో మా ఆవు బెదురుతాండాది.”

“అయ్యో, సారీమ్మా, ఆవును సూసుకోలేదు... ఉండండి. మీ మాట నాకెట్ల వినబడతాండాది?”

“నీ మాట మాకు వినబడినట్టే. తలెత్తి సూడు, వెంటిలేటర్ బార్లా తెరిచుండాది.”

“దేవా! మూసినామన్నారు కదమ్మా!”

“మూసినాను! నా చేత్తో తాడు కట్టినాను. ఏమే హెలెన్, ఆ నవ్వేది ఆపి చెప్పు. ఎవురు తెరిచినారు?”

“నేనే. ఆయప్ప బయటికి పోతానే తాడు లాగినాను. ...సాల్మన్, ఆ చివరి మాట సరిగ్గా వినబడలేదు. ఇంగోసారి చెప్పు!”