ఖురూజ్ లేని బంతి

"నమ్మనోడు ఎవడన్న ఉంటే ఇప్పుడే గిలాస కింద పెట్టి లేవుండ్రి. నడిమిట్ల లేస్తే మాత్రం ఊకోను!"

పీరయ్య ఇలా సవాలు చేస్తే దమ్మామ్ లేబర్ క్యాంపు గేటు ముందరి చాయ కొట్టులో ఒక్కడూ లేవలేదు. లేచి వెళ్లి చెయ్యడానికి ఎవరికీ పని లేదు మరి. పెట్టుకోవాల్సినంత మంది సౌదీలను పెట్టుకోలేదని నితాకత్ అనే సర్కారు లెక్కలో వాళ్ల కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడ్డ కంపెనీకి ఇకామాలు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, మళ్లీ కొట్టివ్వరు. పీరయ్య మేనల్లుడు నాగేందర్ ఇకామా నెలాఖరుతో సరి. ఆలోగా ఆకుపచ్చలో ఉన్న కంపెనీ ఏదైనా అతన్ని తీసుకుంటే బతికాడు, లేకపోతే విమానం ఎక్కి ఇంటికి పోవడమే.

అలాంటి ఆకుపచ్చ కంపెనీ సూపర్‌వైజరే ఇప్పుడు ఎదురుగా కూర్చుని చాయ ఊదుకుంటున్నాడు. బోధన్ మనిషి, గౌస్ మొహిద్దీన్. "రాస్ తనూరా క్వార్టర్లకు ఒక రిలీవర్ కావాలె, వచ్చి సూస్కుంట" అని పీరయ్యకే ఫోను చేశాడు. ఆ మాట చెవిన పడగానే పీరయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఒకప్పుడు అవే క్వార్టర్లలో అమెరికన్లు బేస్‌బాల్ ఆడుకునే మైదానం ఊడ్చిన మనిషాయన. బంతి విసిరేవాడి రెక్క అలిసిపోయాక, ఆఖర్లో దిగి ఆట గట్టెక్కించేవాణ్ణి రిలీవర్ అంటారని ఆయనకు బాగా తెలుసు.

"గౌస్ భాయ్, మావోడు మొదాలు చేసింది శాన చిన్న పని. రాస్ తనూరల కంచె తీగె కట్టవోయిండు. అమెరికోళ్ల బంతి కంచె దాటొచ్చి కాళ్లకాడ వడ్డది. తీసి మల్ల లోపలికి ఇసిరిండు. గంతే."

"అది నేనూ చూసినా," అన్నాడు క్యాంపులో నాగేందర్ పక్క మంచం రాయచోటి ఫయాజ్. "అంతవరకు నిజమే. ఆడికి నిలుపు పెద్దాయనా."

"నిలిపితె ఎట్ల? బంతి యాడ వడ్డదో చెప్పద్దా? వట్టేటోని తోలు గ్లౌజుల వడ్డది. పడంగనే ఆ తోలు 'అంబా' అన్నది!"

కొట్టంతా ఘొల్లుమంది. నాగేందర్ తలొంచుకుని బొటనవేలితో ఇసుక గీకుతున్నాడు.

"జొన్నచేన్ల మంచె మీద నిలవడి వడిసెల తిప్పిన చెయ్యి భాయ్ అది! పిట్టను కొట్టకపోతుండె. దాని ముక్కుల గింజను కొట్టి, గింజను మల్ల కంకికే అతికిస్తుండె. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? టీం కోచ్ ఉరికొచ్చి, 'జీతం ఇచ్చి ఆడిస్తం, నువ్వే మా రిలీవర్' అని గదువ వట్టుకున్నడు. మొదాటి ఆట. టీం మునిగేతట్టుంది. మావోడు దిగిండు, ఇసిరిండు. బ్యాటు వట్టినోడు 'ఇంకెప్పుడు ఇసురుతవయ్యా' అని నిలవడే ఉన్నడు. అప్పటికే వట్టేటోడు ఆ బంతిని జేబులేస్కొని, ఇంటికి పోయి, బువ్వ తింటున్నడు!"

"ఏం కూరంట?" అన్నాడు ఫయాజ్.

"కూరేంది, మాంసం బువ్వ ఖబ్సా," అన్నాడు పీరయ్య రెప్ప కొట్టకుండా. "ఆ బంతి లేపిన గాలికి తాయిఫ్‌ల గులాబీలు రాలినయి. తోటలోళ్లు ఇంత దూరం వచ్చి 'పూలు కోస్కునేదాక ఆగు బేటా' అన్నరు. ఆగిండు. గంత మెత్తటి మనసు! గంతల నితాకత్ రానే వచ్చె. టీం గూడ ఎరుపుల వడె. ఆఫీసరొచ్చి, 'ఇసిరేటోడు పరదేశి, కొట్టేటోడు పరదేశి, ఆఖరికి బంతి గూడ పరదేశి. ఇండ్ల ఈ దేశపోడు ఎవడు?' అన్నడు. 'ఇసుక సాబ్' అన్నడు మావోడు. ఇసుక రేణువుకొక మనిషి లెక్కన రాస్కుంటే టీం ఎరుపుల నుంచి ఎగిరి, ఆకుపచ్చ గూడ దాటి, అన్నిటికన్న మీది ప్లాటినంల వడ్డది!"

గౌస్ మొహిద్దీన్‌కు చాయ పొరబోయింది. అది చూసి పీరయ్యకు ఇంకో గజం ఎత్తు పెరిగినట్టయింది. ఇంకొంచెం లేపితే చాలు, పిల్లగాడు గట్టునపడతాడు.

"ఇగ పరదేశోళ్ల మీద లెవీలు మొదలైనంక బంతికి గూడ ఇకామా తీయించిండ్రు. ఆఖరి మ్యాచ్. అవుతల దున్నపోతసొంటోడు బ్యాటు వట్టిండు. మావోడు ఇసిరిండు. వాడు కొట్టిండు. బంతి లేశింది, లేశింది, కంచె దాటితే ఆట ఖతం. కంచె మీదికి పోయి ఆగింది. గాల్లనే!"

"ఎందుకాగింది?" ఉండబట్టలేక అడిగాడు గౌస్ మొహిద్దీన్.

"ఖురూజ్ లేదు గద భాయ్! ఎగ్జిట్ ముద్ర లేకుంట బయటికెట్ల పోతది? అటు సూశింది, ఇటు సూశింది, నన్ను తెచ్చుకున్న కఫీల్ ఈయననే అని మల్ల మావోని చేతులకే వచ్చి కూసున్నది!"

బల్లలు అదిరాయి. ఫయాజ్ కూడా నవ్వాడు. నవ్వులు సద్దుమణిగాక గౌస్ మొహిద్దీన్ గిలాస పక్కన పెట్టాడు.

"మస్తు చెప్పినవ్ పీరయ్యా. గని మాకు బంతాటతోని పని లేదు. క్వార్టర్ల గేటు కాడి వాచ్‌మన్ ఊరికి పోతుండు. ఆయన వచ్చేదాక ఆ కుర్చీల కూసునే మనిషి కావాలె. రిలీవర్ అంటే మాకు గదే. ఇసిరేటోన్ని గేటు కాడ పెడితే ముందుగాల్ల నా నౌకరి పోతది."

నాగేందర్ గీకడం ఆపి మేనమామ మొహంలోకి చూశాడు. ఇంతసేపూ కట్టిన కోటంతా ఆ ఒక్క చూపుకు కూలినట్టయింది పీరయ్యకు. చాయ గుటక వేశాడు. ఒక్క గుటకే.

"నేను చెప్పేది గదే గద! రిలీవర్ ఇసిరేది ఆఖరుకు గింత. ఆట పొడుగూత బెంచి మీద కూసునుడే ఆయన కొలువు. మావోనికి అసలు పేరొచ్చిందే కూసునుట్ల! కదలడు, మెదలడు, కునుకు తియ్యడు. నెత్తి మీద పావురం గూడు వెట్టి పిల్లల జేస్తే, వాటికి రెక్కలొచ్చేదాక లేవలే!"

"ఇసిరింది అబద్ధమని ఎట్లాగూ తెలిసిపాయె," నవ్వాడు గౌస్ మొహిద్దీన్. "కూసున్నది నిజమని నేనెట్ల నమ్మాలె?"

పీరయ్య ఫయాజ్ వైపు తిరిగాడు. ఫయాజ్ గొంతు సవరించుకున్నాడు.

"సాబ్, కంచె కాడి ఆ మొదటి ఇసురు పోతే, ఈ పెద్దాయన చెప్పిన దాంట్లో అదొక్కటే నిజం. కంపెనీ ఎరుపులో పడినప్పటి నుంచి పని లేక ఆ పిల్లోడు మంచం మీద కూసోనే ఉండాడు. పక్క మంచంలో నేనూ కూసోనుండా. కునుకు తీయలేదన్నదీ నిజమే. ఇకామా అయిపోతా ఉంటే నిద్ర యాడ పడతాది?"

ఎవరూ నవ్వలేదు. గౌస్ మొహిద్దీన్ ఇకామా కార్డు ఇమ్మని నాగేందర్ వైపు చెయ్యి చాపాడు.

"పిల్లగాడు పనికొస్తడని ఎవరు చెప్పిండ్రంటే మా మేనేజర్‌కు ఏమని చెప్పాలె?"

పీరయ్య భుజం మీది తువ్వాలు దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"మ్యాచ్‌ల ఇసిరిందానికి సాక్షి లేడు గని, కూసున్నదానికి ఉన్నడు భాయ్. నేను చెప్పిన ఒక్క ముక్క గూడ నమ్మనోడు. రాస్కో, రాయచోటి ఫయాజ్."